ముందు చూపు, తర్వాత రంగు

వేసవి వచ్చిందంటే చాలు, మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. బరంపురం ఇంటికి ఈ ఏడాది ఏ రంగు వేయిద్దాం? ఈమధ్య రంగు మాట కూడా వెనకబడి టైల్స్ మాట ముందుకొచ్చింది. వీధి వైపు గోడంతా ఎలివేషన్ టైల్స్ అతికించేస్తే పదేళ్ళపాటు చూసుకోనక్కర్లేదని ఒకరంటారు. ఖర్చు తలా ఇంత వేసుకుందామని ఇంకొకరంటారు. మేం ఈ రెండు మాటలకీ ఒప్పుకోవడం లేదు. పాత సున్నపు గోడల ఇళ్ళకి టైల్స్ వద్దు, సిమెంటు పూత వద్దు, ప్లాస్టిక్ రంగు కూడా వద్దు. అసలు ‘పదేళ్ళు చూసుకోనక్కర్లేదు’ అనే ఆశే మన ఇళ్ళని తినేస్తోందని మా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్తాం.

ముందు ఏ ఇళ్ళ గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ కాలంలో కట్టినవీ, ఆ తర్వాత కొన్నాళ్ళ దాకా అదే పద్ధతిలో కట్టినవీ మన పాత ఇళ్ళు. వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా, పక్కింటి గోడకి ఆనుకుని ఉంటాయి. బడా బజారు, దేశిబెహరా వీధి చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా మిగిలున్నాయి. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నదే 1914లో, పోర్‌బందర్ ఫ్యాక్టరీతో. అది మన ఊళ్ళ దాకా వచ్చి, మామూలు కుటుంబం గోడకి పూసుకునేంత చవకయ్యేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి ముత్తాతల నాటి ఇల్లయితే గోడలో ఉన్నది ఇటుక, సున్నం, ఇసుక. అంతే.

మీ ఇంటి సంగతి తెలియకపోతే ఓ మూల మేకుతో గీకి చూడండి. తెల్లగా, మెత్తగా పొడి రాలితే సున్నపు గార. బూడిదరంగులో గట్టిగా ఉండి మేకు జారిపోతే సిమెంటు. చాలా ఇళ్ళలో పైన సిమెంటు, లోపల సున్నం, రెండూ కనిపిస్తాయి. గొడవంతా అక్కడే.

సున్నపు గోడ పనిచేసే తీరు వేరు. రాయినో గుల్లనో కాల్చి, నీళ్ళు పోసి చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి గార చేసేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. గోడకి పూశాక ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. అయినా దాని నిండా కంటికి కనపడని సూదిబెజ్జాలు ఉంటాయి. వానకి గోడ కొంత తడుస్తుంది, నేలలోంచి కొంత చెమ్మ పైకి ఎక్కుతుంది. ఎండ రాగానే ఆ తడి వచ్చిన దారినే బయటికి పోతుంది. నీళ్ళని లోపలికే రానివ్వకుండా అడ్డుకోవడం ఈ గోడ పద్ధతి కాదు, వచ్చిన నీళ్ళని బయటికి పంపేయడం దాని పద్ధతి.

ఇక మన వాతావరణం. గంజాంలో ఏడాదికి సుమారు 1,300 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. గోపాలపురం సముద్రం బరంపురానికి పట్టుమని 20 కిలోమీటర్ల దూరం కూడా లేదు. హుమ్మా, గంజాం దగ్గర ఉప్పు మడులు ఉన్నాయంటేనే ఈ తీరం గాలి ఎలాంటిదో తెలుస్తుంది. గోపాలపురం బీచికి వెళ్ళినవాళ్ళు పాత పోర్టు కట్టడాల మొండిగోడలు చూసే ఉంటారు. ఉప్పుగాలికి వదిలేసిన గోడ ఏమవుతుందో అవే చెప్తాయి.

దీనికి తోడు తుపాన్లు. 1999 అక్టోబరులో పారాదీప్ వైపు పెను తుపాను రావడానికి పన్నెండు రోజుల ముందే ఇంకో తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకి 200 కిలోమీటర్ల గాలితో గోపాలపురం దగ్గరే దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలని ముంచేసింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చేసింది. తేదీలు ఇలా వరసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. మన గోడలకి పరీక్ష దసరా చుట్టుపక్కల వస్తుంది. మనం మాత్రం రంగు గురించి ఏప్రిల్‌లో మాట్లాడుకుని, అక్టోబరులో గోడని మర్చిపోతున్నాం.

ఇప్పుడు ఆ సున్నపు గోడ మీద సిమెంటు పూసి, దానిమీద ప్లాస్టిక్ రంగు వేశామనుకోండి. మొదటి రెండేళ్ళు బ్రహ్మాండంగా ఉంటుంది. నేలలోంచి ఎక్కే చెమ్మ ఆగదు కదా, బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా లోపలి గదుల వైపు తిరుగుతుంది. నీళ్ళతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, పొంగి, పూతని బయటికి నెడుతుంది. రంగు బుడగలు లేస్తుంది, తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సిమెంటు గట్టిది, వెనకున్న పాత ఇటుక మెత్తది. సిమెంటు పెచ్చు ఊడేటప్పుడు ఇటుక మొహాన్ని కూడా పట్టుకుని ఊడుతుంది. టైల్స్ అయితే ఇంకా దారుణం. వెనక ఏం జరుగుతోందో కనపడనే కనపడదు. ఓ రోజు టైలు వీధిలో పడితే తెలుస్తుంది, దాని కింద ఎవరున్నారన్నది మన అదృష్టం.

ఇలాంటి ఇళ్ళు మాకు తెలిసిన వీధుల్లోనే నాలుగైదు ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే కథ. ముందు మెరుపు, తర్వాత బుడగలు, ఆ తర్వాత ‘పాత గోడ కదా, కుళ్ళిపోయింది’ అనే తీర్పు, చివరికి అమ్మకం. మాకు బాధ కలిగించేది ఆ తీర్పే. డెబ్భై ఎనభై ఏళ్ళు వానకీ గాలికీ తట్టుకున్న గోడని పదేళ్ళలో చెడగొట్టింది కొత్త పూత. నేరం మాత్రం గోడ మీదకి వెళ్తుంది. ఆ నేరం పేరు చెప్పి ఇల్లు చేయి జారిపోతుంది. వి.వి. గిరి 1894లో పుట్టింది మన బరంపురంలోనే అని పిల్లలకి గర్వంగా చెప్పుకుంటాం. మనం ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నామనడానికి పిల్లలు చేత్తో తాకి చూడగలిగిన సాక్ష్యం మాత్రం ఈ గోడలే.

పాతవాళ్ళు ఏం చేసేవారు? వాళ్ళేమీ ఇంజనీర్లు కారు. వాళ్ళకి పండగలు ఉండేవి. సంక్రాంతికో ఉగాదికో వెల్ల వేయడం ఆనవాయితీ. బరంపురంలో దానికి తోడు ఠాకురాణి యాత్ర ఒకటి ఉంది, రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది. ఆ పుట్టింటి పెద్ద దేశిబెహరా, పట్టు నేసే డేరా వాళ్ళ కులపెద్ద, మన తెలుగువాడే. ఊరంతా చుట్టాలతో నిండే నెల అది. అలాంటప్పుడు పెచ్చులూడిన గోడతో ఎవరుంటారు? వెల్ల వేసేవాడు నిచ్చెన వేసుకుని పైకెక్కి, పాత సున్నం గీకి, గోడంతా చేత్తో తడిమేవాడు. ‘అమ్మా, ఇక్కడ డొల్లగా ఉంది’ అని కిందికి కేకేసేవాడు. నీలిమందు కలిపిన సున్నం చవకే. అసలు లాభం ఆ కేకలో ఉండేది. ఏడాదికో రెండేళ్ళకో ఒక మనిషి మన గోడలో ప్రతి అడుగునీ దగ్గరగా చూసేవాడు. పదేళ్ళ గ్యారంటీ రంగు వచ్చాక పోయింది సున్నం ఒక్కటే కాదు, ఆ చూపు కూడా పోయింది.

మేం ఉద్యోగంలో చేసే పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. అందులో ఒక పాత సూత్రం ఉంది. తప్పు ఎంత ముందు దొరికితే అంత చవకగా పోతుంది. గోడకి కూడా అదే. పిట్టగోడ మీద జానెడు రావి మొక్కని వేలితో పీకేయొచ్చు. మూడేళ్ళు ఆగితే దానికోసం పిట్టగోడనే విప్పాలి.

అందుకని గోడని ఎలా చూడాలో కొంత చెప్తాం. చూడ్డానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక రూపాయి బిళ్ళ, ఒక ఫోను చాలు.

నీళ్ళు పైనుంచి వస్తాయి కాబట్టి చూపు కూడా పైనుంచే మొదలుపెట్టాలి. పిట్టగోడ పైభాగం పగిలిందా, వాలు ఏ వైపుకుంది, మొక్కలు మొలిచాయా. డాబా నీళ్ళు పోయే గొట్టం గోడకి దూరంగా వదులుతోందా, లేక గోడనే తడుపుతోందా. గోడ మీద ఒకే చోట పైనుంచి కిందికి నల్లగానో పచ్చగానో చార ఉంటే ఆ చార మొదలైన చోట తప్పు ఉన్నట్టే. చారకి రంగు వేస్తే లాభం లేదు.

తర్వాత కిటికీల మీది సన్‌షేడులు. ఇవి చాలా ఇళ్ళకి తర్వాతి కాలంలో కాంక్రీటుతో వేసినవి. కింది వైపు తుప్పు మరకలు కనిపించినా, ఇనుప చువ్వ బయటపడినా ఆలస్యం చేయకూడదు. ఉప్పుగాలికి చువ్వ ఉబ్బి కాంక్రీటుని ముక్కలుగా రాలుస్తుంది, కింద నడిచేది పిల్లలు. సన్‌షేడు అంచు అడుగున నీళ్ళు కారి పడిపోవడానికి చిన్న గాడి ఉండాలి. అది రంగులు వేసి వేసి పూడిపోతే నీళ్ళు వెనక్కి పాకి గోడలోకి దిగుతాయి.

ఆ తర్వాత పగుళ్ళు. ప్రతి పగులుకీ భయపడక్కర్లేదు. పూతలో వెంట్రుకవాసి గీతలు మామూలే. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత పెట్టి, పక్కన తేదీ రాసి, ఫొటో తీయండి. ఆరు నెలల తర్వాత గీత దాటి ముందుకెళ్ళిందా చూడండి. కదలకపోతే సున్నంతో పూడ్చుకోవచ్చు. 5 మిల్లీమీటర్లు దాటినా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా ఇటుకల మధ్య నడుస్తున్నా అది పూత సంగతి కాదు, పునాది సంగతి. అప్పుడు మేస్త్రి కాదు, ఇంజనీరు రావాలి.

రూపాయి బిళ్ళతో గోడని అక్కడక్కడ తట్టండి. గట్టి చోట ఒక శబ్దం, పూత వదిలేసిన చోట ఇంకో శబ్దం. రెండుసార్లు తడితే చిన్నపిల్లలకైనా తేడా తెలిసిపోతుంది. డొల్ల ఉన్నచోట పెన్సిలుతో సున్నా చుట్టండి.

చివరికి గోడ పాదం. నేల చెమ్మ మామూలుగా మీటరు ఎత్తుదాకా ఎక్కుతుంది. తెల్లగా ఉప్పు పూసినా, పూత పిండిలా రాలినా దాని ముద్రే. మన పాత వీధుల్లో ఇంకో చిక్కుంది. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి వీధి ఎత్తు పెరిగింది, మన అరుగులు కిందకి దిగిపోయాయి. ఒకప్పుడు గాలి తగిలిన గోడ పాదం ఇప్పుడు వీధి నీళ్ళలో నానుతోంది. అక్కడ ఏ రంగూ నిలవదు. కాలవ శుభ్రంగా ఉంచుకోవడం, గోడకి ఆనించి సిమెంటు గచ్చు వేయకుండా ఉండడం, కింది మీటరుకి సున్నపు పూతే వేసి అది చెడినప్పుడల్లా మార్చుకోవడం, ఇదే మందు. ఆ కింది పూత పోయిందని ఏడవక్కర్లేదు. ఉప్పుని అది తీసుకుని ఇటుకని కాపాడింది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఈ మాటలు కొత్తవేం కాదు. అక్కడ చెక్క ఇళ్ళకి బయట సైడింగ్ అని పలకలు తొడుగుతారు. ఏడాదికోసారి నీళ్ళతో కడుగుతారు, ఎక్కడ వదులైందో, ఎక్కడ పగిలిందో చుట్టూ తిరిగి చూస్తారు. వినైల్ పలకలని మేకులతో బిగించి కొట్టరు. ఎండకి సాగి చలికి ముడుచుకునేందుకు వీలుగా మేకు కాస్త వదులుగా ఉంచుతారు. పలక వెనక్కి నీళ్ళు చేరతాయని వాళ్ళకి ముందే తెలుసు, అందుకే వెనక ఒక నీటి పొర పెట్టి, పలక అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న చిల్లులు వదుల్తారు. అంటే వాళ్ళ కొత్త ప్లాస్టిక్ గోడ, మన ముత్తాతల సున్నపు గోడ ఒకే మాట చెప్తున్నాయి. నీళ్ళు వస్తాయి, పోయే దారి ఉంచు, ఏటా ఒకసారి చూడు. న్యూజెర్సీలో ఈ మాట పాటించే మన బావలు బరంపురం దగ్గరికి వచ్చేసరికి ‘టైల్స్ వేసి పారేద్దాం’ అనడం మాకు అర్థం కాదు.

దీనికి ఎదురు మాటలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం. నిజమే. కానీ పూర్తిగా లేకపోలేదు. పాత గుళ్ళ మరమ్మతులు చేసే చోట వాకబు చేస్తే ఒకరిద్దరు తగులుతారు, ముందు ఒక చిన్న గోడ ఇచ్చి చూడొచ్చు. సున్నం పని నెమ్మది. పూత మీద పూత మధ్య ఆరనివ్వాలి, కొన్ని రోజులు తడుపుతూ ఉండాలి, వానల్లో చేయకూడదు. మూడు రోజుల సెలవు మీద వచ్చి ముగించుకుని వెళ్ళే పని కాదు. ఇల్లు ఎలాగూ అమ్మేస్తాం కదా అనేవాళ్ళు కూడా ఉన్నారు. అమ్మినా సరే, బాగున్న గోడ ఉన్న ఇంటికీ, బుడగలు లేచిన గోడ ఉన్న ఇంటికీ ధర ఒకటి కాదు.

ఇంకో ఇబ్బంది మాటలది. మేం చదివింది కన్నడ బళ్ళో. అక్కడ గోడె, సుణ్ణ, గారె అనేవారు. ఇంట్లో అమ్మమ్మ గోడ, సున్నం, గార అనేది. బరంపురంలో మిస్త్రీకి గోడ ‘కాంథ’, సున్నం ‘చూన’. మాట ఏదైనా వస్తువు ఒకటే. కానీ ‘ప్లాస్టరింగ్ చేయండి’ అని ఫోన్లో చెప్తే మాత్రం వచ్చేది సిమెంటు బస్తాయే. అందుకని పని చెప్పేటప్పుడు ‘సిమెంటు కలపకుండా సున్నంతో’ అని ఏ భాషలోనైనా సరే విడమరిచి చెప్పండి, కాగితం మీద రాసివ్వండి.

అసలు చిక్కు మేస్త్రి దగ్గర లేదు, మన దగ్గరే ఉంది. తాతగారి ఇంటికి ఇప్పుడు పదకొండు మంది హక్కుదార్లు. బెంగుళూరులో కొందరు, హైదరాబాదులో కొందరు, విదేశాల్లో కొందరు. రంగు ఎంపికకి పదకొండు అభిప్రాయాలు వస్తాయి. వాన ముందు నిచ్చెన ఎక్కి చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరి ఇల్లు కాబట్టి ఎవరి పనీ కాకుండా పోయింది. పక్కింటివాళ్ళ గోడా మన గోడా ఒకటే అయినప్పుడు మన నిర్లక్ష్యం వాళ్ళ గదిలో చెమ్మగా తేలుతుంది. ఆ ఇంట్లో ఇప్పటికీ మనల్ని ‘వచ్చారా అమ్మా’ అని పలకరించేవాళ్ళు ఉన్నారు.

అందుకే మన కుటుంబాలన్నిటికీ మా సూచన ఇది. ప్రతి ఇంటికీ ఏడాదికి ఒక మనిషిని ఒప్పుకోవాలి, వంతులవారీగా. ఆ మనిషి రెండుసార్లు గోడ చూడాలి. మొదటిది మే నెలాఖరు లోపు, వానలు రాకముందు. పైభాగాలు, గొట్టాలు, మొక్కలు అప్పుడు. రెండోది కార్తీక పౌర్ణమి లోపు, తుపాన్ల భయం తగ్గాక. పగుళ్ళు, డొల్లలు, గోడ పాదం అప్పుడు. రాలేనివాళ్ళు ఊళ్ళో ఉన్న చుట్టానికి మేస్త్రి కూలీ పంపి ఫొటోలు తెప్పించుకోవచ్చు. చూసిందంతా ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి ఇంట్లోనే ఉంచాలి. వెల్ల మాత్రం ఠాకురాణి యాత్ర ఏడాదికోసారి, అంటే రెండేళ్ళకోసారి, అందరి డబ్బుతో.

టైల్స్‌కి అనుకున్న డబ్బు ఉంటే ముందు సన్‌షేడులు, పిట్టగోడ, నీళ్ళ గొట్టాలు బాగుచేయించండి. మిగిలినది సున్నానికి పెట్టండి. రంగు గురించి ఆ తర్వాత ఎంతసేపైనా పోట్లాడుకుందాం. మా ఇంటి వంతు ఈ ఏడాది మేమే తీసుకున్నాం, మే నెలకి టికెట్లు కూడా అయ్యాయి. మీ ఇంటి వంతు ఎవరిదో గ్రూపులో రాయండి. ఒకే వారంలో వస్తే మేస్త్రి ఒక్కడే సరిపోతాడు, నిచ్చెన కూడా ఒక్కటే చాలు.